ప్రయోగశాల తెలిసిన ఆర్కిటెక్టులు: మా కొత్త సైన్స్, ఇంజనీరింగ్ భవనం డిజైన్‌పై సమీక్ష

కళాశాలలో కొత్తగా సైన్స్, ఇంజనీరింగ్ భవనం కట్టించాలనుకునే యాజమాన్యాలకూ, రేపు ఆ భవనంలో పాఠం చెప్పబోయే అధ్యాపకులకూ పనికివస్తుందని ఇది రాస్తున్నాను. గోదావరి డెల్టాలోని ఒక కళాశాలలో రసాయనశాస్త్ర విభాగం బాధ్యత నాది. భవన నిర్మాణ సంఘంలో సభ్యురాలిని కూడా. డిజైన్ చేసిన సంస్థ వేరే రాష్ట్రానిది. వారి పేరు రాయడం లేదు. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, వాటిలో ఒకటి రెండింటి మీద ఉత్తరప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి. ఒక విద్యా సంవత్సరం పూర్తిగా ప్రాక్టికల్స్ నడిపించి, వేసవినీ తుఫాన్లనూ చూశాక చెబుతున్న మాటలివి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ప్రయోగశాలల డిజైన్‌కు ఐదుకు ఐదు. విద్యుత్తు డిజైన్‌కు రెండు. కట్టేటప్పుడు పర్యవేక్షణకు రెండుకు మించి ఇవ్వలేను. మళ్లీ కట్టించవలసి వస్తే ఆ సంస్థనే పిలవమంటాను, ఒప్పందం మాత్రం దగ్గర కూర్చుని వేరే విధంగా రాయిస్తాను.

ఎంపిక సమయంలో వచ్చిన సంస్థలు చాలావరకు త్రీడీ బొమ్మలతో వచ్చాయి. రోడ్డు వైపు నిలువెత్తు గాజు గోడ, లోపల మూడంతస్తుల ఎత్తు హాలు, మెట్ల పక్కన పచ్చిక. ఫ్యూమ్ హుడ్ (ప్రయోగంలో వచ్చే పొగను బయటికి లాగేసే అద్దం తలుపు పెట్టె) గొట్టం ఎటు నుంచి పైకి వెళుతుందని అడిగాను. అది తర్వాత చూసుకునే విషయమన్నారు. రసాయనశాస్త్రం చెప్పేవాళ్లకు ఆ జవాబు చాలు. తర్వాత చూసుకోవడమంటే స్లాబు పోసిన తర్వాత గోడకు కన్నం కొట్టి, గొట్టాన్ని కిటికీలోంచి బయటికి తీసి, పక్క గది కిటికీ ముందు వదిలేయడమే. మా పాత ల్యాబులో ఏళ్ల తరబడి జరిగింది అదే. మేము వదిలిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన పక్క గదిలో గణితం క్లాసుకు చేరేది.

ఈ సంస్థ వాళ్లు బొమ్మలేవీ తేలేదు. ప్రాక్టికల్స్ జరిగే రోజున పాత ల్యాబులో కూర్చోనివ్వమని అడిగారు. పెద్దాయన ఒకరు, ఆయన దగ్గర పనిచేసే మన జిల్లా అమ్మాయి ఒకరు. ఆ రోజు బి.ఎస్సీ. పిల్లలకు లవణ విశ్లేషణ. ఉదయం బ్యాచి మొదలైనప్పటి నుంచి సాయంత్రం పరీక్షనాళికలు కడిగేదాకా ఉన్నారు. నన్ను అడిగినవాటి కన్నా మా ల్యాబ్ అటెండరును అడిగినవే ఎక్కువ. సింకులో నీళ్లు నిలిచి ఉండటం చూసి ఆ అమ్మాయి, “ఇవి ఎందుకు దిగడం లేదు బాబాయి గారూ?” అంది.

“వడపోత కాగితాలమ్మా. పిల్లలు గరాటుతో సహా కడిగేస్తారు. పైపు వంపులో ఇరుక్కుంటాయి. ఆ వంపు విప్పాలంటే బల్ల కింద వెల్లకిలా పడుకోవాలి. విప్పగానే ఆమ్లం నీళ్లు మొహం మీదికే వస్తాయి.”

ఆ అమ్మాయి చున్నీ నడుముకు చుట్టుకుని బల్ల కిందికి దూరింది. ఫోను దీపం వేసి ఆ వంపును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసింది. ఈ రోజు మా కొత్త ల్యాబులో ప్రతి సింకు కిందా మోకాలి ఎత్తున చిన్న తలుపు ఉంది. అది తెరిస్తే ఎదురుగా సీసాలాంటి ప్లాస్టిక్ గిన్నె కనిపిస్తుంది. చేత్తో తిప్పితే ఊడి వస్తుంది, కాగితాలూ గాజుముక్కలూ బుట్టలో వేసి మళ్లీ బిగించడమే. అటెండరు నిలబడే ఆ పని చేస్తాడు. భవనం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏదని అడిగితే ఆ చిన్న తలుపు చూపిస్తాను.

వారి సలహా మీదే సంఘ సభ్యులం కొన్ని కళాశాలల ల్యాబులు చూసి వచ్చాం. ప్రిన్సిపాళ్లను కాకుండా స్టోర్ కీపర్లను, అటెండర్లను కలవమని ప్రత్యేకంగా చెప్పి పంపారు. యాజమాన్యంలో కొందరికి ఇది కాలయాపన అనిపించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టేముందు నిజాం ప్రభుత్వం ఆర్కిటెక్టు జైన్ యార్ జంగ్‌ను, ఇంజనీరు సయ్యద్ అలీ రజాను విదేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయాలు చూసి రమ్మంది. ఆ తర్వాతే బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ చేతికి పని వెళ్లింది. 1939లో తెరిచిన ఆర్ట్స్ కళాశాల భవనం ఇప్పటికీ ఎలా నిలిచి ఉందో అందరం చూస్తున్నాం. చూసి రావడానికి వెచ్చించిన కాలం ఎన్నడూ వృథా కాదని సమావేశంలోనే గట్టిగా చెప్పాను.

ఇక డిజైన్. స్తంభాల మధ్య దూరం 6.6 మీటర్లు, గది లోతు 10 మీటర్లు అని ముందుగా నిర్ణయించారు. చూడటానికి మామూలు అంకెలే కానీ వెనక చాలా ఆలోచన ఉంది. ల్యాబులో రెండు బల్లల మధ్య ఇద్దరు విద్యార్థులు వీపుకు వీపు ఆనకుండా నిలబడాలి, వారి వెనకనుంచి మూడో మనిషి యాసిడ్ సీసాతో నడిచి వెళ్లగలగాలి. బల్ల లోతు, ఆ నడక దారి కలిపితే సుమారు 3.3 మీటర్లు వస్తుంది. ప్రపంచంలో చాలాచోట్ల ప్రయోగశాలలను ఈ కొలత చుట్టుపక్కలే గీస్తారు. దానికి రెట్టింపు 6.6. ఇలా వచ్చే గది వైశాల్యం 66 చదరపు మీటర్లు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) తన నిబంధనల్లో తరగతి గదికీ, ప్రయోగశాలకూ చాలాకాలం అడిగింది సరిగ్గా అంతే. రెండు గదులు కలిపితే 132, డ్రాయింగ్ హాలుకు అడిగిన వైశాల్యం. గదుల మధ్య గోడలు బరువు మోసేవి కావు, తీసేయవచ్చు. రేపు ఒక కోర్సు పోయి ఇంకొకటి వచ్చినా స్తంభాలను ముట్టుకోనక్కర లేదు. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో యుద్ధకాలంలో 1943లో తాత్కాలికంగా కట్టిన 20వ నంబరు భవనం 1998 దాకా పనికివచ్చింది. కావలసినప్పుడు గోడలు కోసుకుని, పైపులు లాక్కునే వీలు ఉండటమే పరిశోధకులు దాన్ని అంతగా ఇష్టపడటానికి కారణం.

అసలు పెద్ద వాదన అంతస్తు ఎత్తు దగ్గర వచ్చింది. సంస్థ 4.2 మీటర్లు అంది. యాజమాన్యం 3.6 చాలంది. వారి లెక్క వారిది: 3.6 అయితే నాలుగు అంతస్తులకు 14.4 మీటర్లు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 15 మీటర్ల నుంచి ఎత్తైన భవనాల కింద లెక్కిస్తుంది కాబట్టి ఆ గీత దాటకుండానే ఒక అంతస్తు అదనంగా వస్తుంది. పెద్దాయన బల్ల మీద కాగితం పెట్టి నిలువుకోత (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గీశారు. దూలం 60 సెంటీమీటర్లు. దాని కింద గాలి గొట్టం 45. 3.6లో ఇవి పోతే మిగిలేది రెండున్నర మీటర్లు. ఫ్యూమ్ హుడ్డే దాదాపు అంత ఎత్తు ఉంటుంది. “ల్యాబు కావాలో, అంతస్తు కావాలో చెప్పండి, రెండూ ఇస్తానని అబద్ధం ఆడలేను” అన్నారు. పని పోతుందని తెలిసి కూడా ఆ మాట అన్న మనిషిని నేను గౌరవిస్తాను. చివరికి మూడు అంతస్తులే కట్టాం, 4.2 ఎత్తుతో.

ఫ్యూమ్ హుడ్ల లెక్క కూడా ఆయన మా అందరి ముందూ వేసి చూపించారు. హుడ్ వెడల్పు ఒకటిన్నర మీటర్లు. అద్దం తలుపు అర మీటరు ఎత్తినప్పుడు గాలి సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి పోతేనే పొగ మన ముఖానికి రాదు. అంటే ఒక్కో హుడ్ గంటకు 1,350 ఘనపు మీటర్ల గాలిని బయటికి లాగుతుంది. నాలుగు హుడ్లకు 5,400. మా ల్యాబు 132 చదరపు మీటర్లు, లోపలి ఎత్తు 3.6 మీటర్లు, మొత్తం గాలి 475 ఘనపు మీటర్లు. గంటలో పదకొండు సార్లకు పైగా గది గాలి అంతా మారిపోతుంది. మరి అంత గాలి లోపలికి ఎటునుంచి రావాలి? నేను చూసిన చాలా ల్యాబుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కిటికీలన్నీ మూసి హుడ్లు వేస్తే తలుపు తెరవడానికి బలం పెట్టాలి, హుడ్ కూడా సరిగా లాగదు. ఏసీ పెడితే చల్లబరచిన గాలినంతా డబ్బుతో సహా పైకి ఊదేసినట్టే. కాబట్టి రసాయన ల్యాబుకు ఏసీ పెట్టలేదు. ఉత్తరం గోడకు కింది భాగంలో వెడల్పాటి గాలిపలకలు (సందుల్లోంచి గాలి వచ్చేలా వరుసగా అమర్చిన పలకలు) పెట్టారు. ఏసీ పరికరాల గదికి మాత్రమే. పిల్లలకు ఉక్కగా ఉంటుందేమోనని భయపడ్డాను కానీ హుడ్లు నడుస్తున్నంతసేపూ గాలి ఒంటికి తగులుతూనే ఉంటుంది.

కిటికీలు కూడా ఉత్తరానికే. ఉత్తరం వెలుతురులో బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి వదిలే గీతల గాజు గొట్టం) రీడింగు మెరుపు లేకుండా కనిపిస్తుంది. ఇక్కడ ఒక మంచి పని చేశారు. మన అక్షాంశం ఇంచుమించు 17 డిగ్రీలు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. ఉత్తరం కిటికీకి సజ్జా అక్కరలేదనుకుని వదిలేస్తారు చాలామంది. వీళ్లు దానికీ చిన్న సజ్జా, రెండు పక్కలా నిలువు పలకలూ పెట్టారు. జూన్‌లో కొత్త బ్యాచి టైట్రేషన్ మొదలుపెట్టినప్పుడు ఒక్క బల్ల మీదా ఎండ పడలేదు.

వెలుతురు విషయంలో ఎంత పేరున్నవారు గీసినా ఇబ్బందులు వస్తాయి. అహ్మదాబాద్ ఐఐఎం భవనాల ఆర్కిటెక్టు లూయీ కాన్ ఫిలడెల్ఫియాలో రిచర్డ్స్ వైద్య పరిశోధనశాల కట్టినప్పుడు, గాలి గొట్టాలకు ఇటుక గోపురాలు లేపి ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. లోపల పనిచేసే శాస్త్రవేత్తలు మాత్రం ఎండ తట్టుకోలేక కిటికీలకు అల్యూమినియం రేకులు, కాగితాలు అంటించుకున్నారు. ఆ తర్వాత కాలిఫోర్నియా లా హోయాలో సాక్ ఇన్‌స్టిట్యూట్ కట్టినప్పుడు (1965లో పూర్తయింది) ఒక్కో ప్రయోగశాల అంతస్తు మీద పైపుల కోసమే మనిషి నిలబడి తిరగగలిగే మరో అంతస్తు వేశాడు. కింద ప్రయోగం ఆగకుండా పైన మరమ్మతు జరుగుతుంది. మా పెద్దాయన ఆ భవనం నిలువుకోత బొమ్మను మాకు చూపించి, అంత ఖర్చు మనం పెట్టలేం కానీ ఆ ఆలోచనను నిలువుగా తిప్పి వాడుకోవచ్చన్నారు. ప్రతి రెండు ల్యాబుల మధ్యా 1.2 మీటర్ల వెడల్పుతో నిలువు సందు ఒకటి వదిలారు. అందులో ఆమ్లం నీళ్ల పైపులు, మంచినీళ్లు, గ్యాసు, గాలి గొట్టాలు అన్నీ పక్కపక్కనే, రంగులు వేసి. వరండాలోంచి తలుపు. మొన్న రెండో అంతస్తులో పైపు కీలు కారితే ప్లంబరు ఆ సందులో నిలబడి సరిచేసి వెళ్లిపోయాడు, పక్కన క్లాసు జరుగుతూనే ఉంది. పాత భవనంలో అయితే గోడ పగలగొట్టాల్సిందే, ఆ వారం ప్రాక్టికల్స్ రద్దు.

రసాయనాల గది గురించి రెండు మాటలు చెప్పి తీరాలి. కింది అంతస్తులో, బయటి నుంచే వేరే తలుపు. గడప పది సెంటీమీటర్లు ఎత్తు, సీసా పగిలినా ద్రవం వరండాలోకి రాదు. ఆమ్లాలకు ఒక అర, క్షారాలకు వేరే అర, ఈథర్, అసిటోన్ లాంటి మండే ద్రావకాలకు పూర్తిగా వేరే గది. ఆ ఆవిరులు గాలికన్నా బరువు కాబట్టి గాలి లాగే ఫ్యానును నేలకు దగ్గరగా పెట్టారు. పైకప్పు కింద ఫ్యాను పెట్టి చేతులు దులుపుకున్న గదులు ఎన్నో చూశాను. ప్రతి ల్యాబులో అత్యవసర స్నానపు గొట్టం, కళ్లు కడిగే పంపు తలుపు పక్కనే, ఏ బల్ల నుంచైనా పది సెకన్లలో చేరేంత దూరంలో. దాని కింద నేలలో నీళ్లు పోయే దారి కూడా ఉంది. అది లేకపోతే గది మడుగవుతుందని ఎవరూ దాన్ని పరీక్షించి చూడరు, అవసరమైన రోజున అది పనిచేయదు. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి ప్రతి ల్యాబులోనూ ఎత్తు తక్కువ బల్ల, సింకుతో సహా ఒకటి ఉంది. ర్యాంపు వాలు పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు.

ఇంజనీరింగ్ వైపు నాకు తెలిసినంత చెబుతాను. మాది నల్లరేగడి, అందువల్ల పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేశారు. లేత్ యంత్రాల వర్క్‌షాపును ప్రధాన భవనం నుంచి విడదీసి కట్టారు. పదార్థాల బలం పరీక్షించే బరువైన యంత్రం కింది అంతస్తులో సొంత దిమ్మె మీద ఉంది. ఫిజిక్స్ వారి చీకటి గది దానికి వీలైనంత దూరంగా. కాంతి ప్రయోగంలో కనిపించే న్యూటన్ వలయాలు ఇప్పుడు వణకకుండా కనిపిస్తున్నాయని మా సహోద్యోగి సంతోషించారు.

ఇక లోపాలు. మొదటిది మా వాతావరణం గురించే. ఉత్తరం గాలిపలకలను పొగిడాను కదా, అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతం వాయుగుండాలు వచ్చినప్పుడు గాలి, వాన ఈశాన్యం నుంచే కొడతాయి. మొదటి తుఫానుకే పలకల సందుల్లోంచి జల్లు లోపలికి కొట్టి ముందు వరుస బల్లల కింద నీళ్లు నిలిచాయి. కోస్తాలో పుట్టి పెరిగిన తాపీమేస్త్రీని అడిగినా ఈ సంగతి చెప్పేవాడు. దూరపు నగరంలో కూర్చుని గీసేవారికి ఇది తట్టలేదు. ఫిర్యాదు చేశాక వచ్చి చూసి, లోతైన కప్పులు, మూసుకునే రెక్కలు పెట్టించారు. ఇప్పుడు పరవాలేదు. కానీ తుఫాను రోజున రెక్కలు మూస్తే హుడ్లకు గాలి చాలదు, ఆ రోజుల్లో హుడ్లలో సగమే నడుపుతున్నాం.

రెండోది పడమటి గాజు. రోడ్డు పడమర ఉంది, యాజమాన్యానికి గాజు కావాలి. ఆర్కిటెక్టులు దాన్ని మెట్ల హాలుకే పరిమితం చేసి ల్యాబులను కాపాడారు, అందుకు ధన్యవాదాలు. కానీ ఏప్రిల్ నుంచి సాయంత్రాలు ఆ హాలులో నిలబడలేం. అంతస్తు ఎత్తు దగ్గర పట్టుబట్టినట్టే ఇక్కడా పట్టుబట్టి ఉండవలసింది. కనీసం బయట నిలువు పలకలైనా పెట్టించాలి. అవి పెట్టడానికి ఇప్పటికీ వీలుంది, అడుగుతున్నాం.

మూడోది విద్యుత్తు. ఈ పనిని వారు వేరే కన్సల్టెంటుకు అప్పగించారు. ఆయన మా ల్యాబుకు ఒక్కసారీ రాలేదు. పరికరాల గదికీ వర్క్‌షాపుకూ ఒకే లైను ఇచ్చారు. లేత్ మోటారు వేసినప్పుడల్లా మా స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పరికరం) గీత ఎగిరి పడేది. పరిశోధన విద్యార్థిని ఒకమ్మాయి వారం రీడింగులు పారేసింది. మెయిన్ ప్యానెల్ నుంచి వేరే కేబులు లాగించాక, యూపీఎస్ పెట్టాక సర్దుకుంది, ఖర్చు మాత్రం కళాశాలే భరించింది. ఎందుకంటే ఒప్పందంలో ఆ కన్సల్టెంటు తప్పుకు ఎవరు బాధ్యులో రాసి లేదు.

నాలుగోది అన్నిటికన్నా బాధించింది. ఒప్పందం ప్రకారం సైటుకు రావలసిన పర్యటనలు పునాదులూ స్లాబుల దశలోనే అయిపోయాయి. ల్యాబు అమరికలు మొదలయ్యే సమయానికి అదనపు రుసుము కడితేనే వస్తామన్నారు. సైన్స్ భవనానికి ఆర్కిటెక్టు అవసరం ఎక్కువగా ఉండేది ఆ ఆఖరి నెలల్లోనే. హుడ్ల గొట్టాలు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి వేయాలని డ్రాయింగులో స్పష్టంగా ఉంది. కాంట్రాక్టరు మనుషులు బూడిద రంగు వేసిన ఇనుప రేకు గొట్టాలు బిగిస్తున్నారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరికి ఆ రేకు ఎంతకాలం నిలుస్తుంది? కనిపెట్టింది మా అటెండరు. ఫిజిక్స్ ల్యాబు నుంచి దండయస్కాంతం తెచ్చి గొట్టానికి ఆనిస్తే అతుక్కుపోయింది. నన్ను పిలిచి చూపించాడు. ఆ సాయంత్రమే పని ఆపించాం. గొట్టాలు మార్చారు. ఆ మనిషి ఆ రోజు అక్కడ లేకపోతే మా హుడ్లు కొన్నేళ్లలో తుప్పు రాల్చేవి.

కప్పు మీది గొట్టాలను మూడు మీటర్లు ఎత్తు లేపినందుకు కొందరు ఫ్యాక్టరీలా ఉందన్నారు. నాకు ఆ నాలుగు గొట్టాలు చూడముచ్చటగా ఉన్నాయి. మా పొగ ఎవరి కిటికీలోకీ పోవడం లేదు.

రుసుము మిగతా సంస్థల కన్నా ఎక్కువే అడిగారు. ఇవ్వవచ్చు, అయితే విడతల పద్ధతి మార్చుకోవాలి. డ్రాయింగులు చేతికి రాగానే చాలా భాగం చెల్లించేశాం, ఆఖరి దశలో మా చేతిలో పట్టు లేకుండా పోయింది. మీరు రాయించుకునే ఒప్పందంలో ల్యాబు అమరికల దశకు పర్యటనలు వేరుగా కేటాయించండి. విద్యుత్తు, ప్లంబింగ్ కన్సల్టెంట్లు కూడా ప్రాక్టికల్స్ రోజున ల్యాబులో కూర్చోవాలని రాయించండి. వారి తప్పులకు ప్రధాన ఆర్కిటెక్టే బాధ్యుడని స్పష్టంగా ఉండాలి. హుడ్లన్నీ ఒకేసారి నడిపి, ముందు నిలబడి గాలి వేగం కొలిచి చూపించాకే ఆఖరి విడత చెల్లించండి. ఆ కొలిచే పరికరం ఖరీదు పెద్దది కాదు, మేము కొనుక్కున్నాం.

రెండో దశలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం ల్యాబులు కట్టాలి. ఆ పని కూడా ఈ సంస్థకే ఇవ్వమని మా విభాగం తరఫున రాతపూర్వకంగా కోరాను. డ్రాయింగు మొదలుపెట్టే ముందు వారు మాట్లాడవలసినవారి జాబితా అడిగారు. అందులో మొదటి పేరు మా అటెండరుది రాసి పంపాను.